నలుపు తెలుపు ఫోటోకు పెద్ద ప్రింట్: ఏ దారి ఎవరికి సరిపోతుంది?

నలుపు తెలుపు ఫోటోను పెద్ద సైజులో వేయించుకున్నవాళ్ల దగ్గర ఎక్కువగా వినిపించే ఫిర్యాదులు రెండు. "స్క్రీన్ మీద బాగానే ఉంది, ప్రింట్‌లో ఆకుపచ్చ జీర పడింది" అనేది మొదటిది. "జుట్టు, కోటు అంతా కలిసి నల్లటి ముద్ద అయిపోయింది" అనేది రెండోది. చాలామంది ఈ రెంటినీ ఒకే గాటన కట్టి, ప్రింటర్ మంచిది కాదని తేల్చేస్తారు. కానీ ఇవి వేరువేరు లోపాలు. మొదటిది రంగుది, రెండోది ఛాయల మెట్లది. ఒకదాన్ని సరిచేసే పద్ధతి రెండోదాన్ని ముట్టుకోకపోవచ్చు. అందుకే ప్రింటర్ కొనేముందు గానీ, ల్యాబ్ మార్చేముందు గానీ, మీకు వస్తున్న తేడా ఏ రకానిదో చూసుకోండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. 17, 24, 44 అంగుళాల ఫోటో ప్రింటర్లు వాడేవాళ్లలో చాలామందికి కంపెనీ డ్రైవర్‌లోనే (కంప్యూటర్ నుంచి ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఉండే నలుపు తెలుపు మోడ్, ఒక మంచి కాగితం, నలుపు నుంచి తెలుపు దాకా గళ్లు వేసి, కొలిచి సరిచూసుకున్న గ్రే మెట్ల పట్టీ సరిపోతాయి. ప్రత్యేక ఇంకు సెట్లు, ఖరీదైన సాఫ్ట్‌వేర్ నిజంగా అవసరమయ్యేవాళ్లు కొద్దిమందే. డబ్బు పెట్టదలిస్తే ముందు కాగితం మీద, కొలిచే పరికరం మీద పెట్టండి.

జీర ఎందుకు పడుతుంది

సయాన్, మెజెంటా, పసుపు ఇంకులు కలిపి కూడా బూడిద రంగు తెప్పించవచ్చు. కానీ అలా కలిపి తెచ్చిన గ్రే ఒక్కో వెలుతురులో ఒక్కోలా కనబడుతుంది. పాత పసుపు బల్బు కింద ఎర్రగా అనిపించిన ప్రింటే కిటికీ పక్కకు తీసుకెళ్లగానే పచ్చబారుతుంది. పిగ్మెంట్ ఇంకుల (సన్నని రంగుపొడితో చేసే ఇంకులు) తొలిరోజుల్లో అన్నిటికంటే పెద్ద ఫిర్యాదు ఇదే. అందుకే కంపెనీలు గ్రే ఇంకులు చేర్చుకుంటూ వచ్చాయి. ఎప్సన్ 2002లో లైట్ బ్లాక్ తెచ్చింది. 2005లో కే3 ఇంకులతో మూడు స్థాయిల నలుపును, వాటితోపాటు డ్రైవర్‌లో అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్‌ను ఇచ్చింది. 2006లో కేనన్, హెచ్‌పీ కూడా పెద్ద ప్రింటర్లలో గ్రే ఇంకులు పెట్టాయి.

గ్రే ఇంకులు ఎంత ఎక్కువ పని చేసి రంగు ఇంకులు ఎంత తక్కువ కలిస్తే, వెలుతురు మారినా ప్రింట్ అంత నిలకడగా ఉంటుంది. మామూలు ఇంకులున్న ప్రింటర్‌లో రంగు ఇంకులను పూర్తిగా ఆపేస్తే మాత్రం పని జరగదు. నల్ల ఇంకులో ఉండే కార్బన్ సహజంగా కాస్త గోధుమ వైపు మొగ్గుతుంది. దాన్ని తటస్థంగా నిలపడానికి లేత సయాన్, లేత మెజెంటా కొద్దిగా పడాల్సిందే. మంచి నలుపు తెలుపు మోడ్ చేసే పని ఆ పాళ్లు కుదర్చడమే.

నీడలు ఎందుకు ముద్దవుతాయి

ఇందులో సగం తప్పు మానిటర్‌ది. వెలుగు బాగా పెంచిన స్క్రీన్ మీద కనిపించే నీడల వివరం కాగితం మీద కనిపించదు. స్క్రీన్ వెలుగును కొలిచి చదరపు మీటరుకు 80 నుంచి 120 కాండెలాల మధ్య పెట్టుకుంటే "ప్రింట్ చీకటిగా వచ్చింది" అనే ఫిర్యాదులు చాలావరకు అక్కడే తీరిపోతాయి.

మిగతా సగం కాగితానిది. బరైటా లాంటి మెరుపు కాగితం మీద ఫోటో బ్లాక్ ఇంకుతో 2.3 నుంచి 2.5 దాకా సాంద్రత (నలుపు ఎంత లోతుగా ఉందో చెప్పే అంకె) వస్తుంది. మ్యాట్ కాటన్ కాగితం మీద మ్యాట్ బ్లాక్‌తో 1.6, 1.7 దగ్గర ఆగిపోతుంది. కొలత పరికరం చూపే వెలుగు స్కేలులో 0 కటిక నలుపు, 100 పూర్తి తెలుపు. ఆ లెక్కన బరైటా మీద నలుపు 3, 5 మధ్య మొదలైతే, మ్యాట్ మీద 16, 18 దగ్గర మొదలవుతుంది. అంటే ఒకే ఫైల్‌ను రెండు కాగితాల మీద ఏ సర్దుబాటూ లేకుండా వేస్తే, కనీసం ఒకదాని మీద ఛాయలు చెడి తీరతాయి.

దారి ఒకటి: మామూలు రంగుల పద్ధతి, ఐసీసీ ప్రొఫైల్

ఫోటోషాప్ లేదా లైట్‌రూమ్‌లో కాగితం ఐసీసీ ప్రొఫైల్ (ఈ ప్రింటర్‌లో, ఈ కాగితం మీద రంగులు ఎలా వస్తాయో చెప్పే ఫైల్) ఎంచుకుని, డ్రైవర్‌లో కలర్ మేనేజ్‌మెంట్ ఆపేసి వేయడం. ప్రింట్ సెట్టింగుల్లో రిలేటివ్ కలరిమెట్రిక్, బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ అనే ఎంపికలు పెడితే నీడలు చాలావరకు నిలుస్తాయి. ప్రింట్ ఎలా వస్తుందో ముందే స్క్రీన్ మీద చూసుకునే వీలుంటుంది. ఏ ల్యాబ్‌లోనైనా నడిచే పద్ధతి ఇది.

దీని బలహీనత గ్రే దగ్గరే. డ్రైవర్ రంగు ఇంకులను ఎక్కువగా వాడుతుంది. ప్రొఫైల్ అంతంతమాత్రంగా ఉంటే మధ్య ఛాయల్లో ఒకచోట గులాబీ, పక్కనే ఆకుపచ్చ పొడచూపుతుంది. ఈ దారే కావాలనుకుంటే కాగితం కంపెనీ సైట్‌లో దొరికే ప్రొఫైల్‌తో సరిపెట్టకండి. మీ ప్రింటర్‌కు, మీ కాగితానికి, గ్రే గళ్లు ఎక్కువ ఉన్న చార్టుతో ప్రత్యేకంగా చేయించండి.

కొన్ని పనులకు ఇదే సరైన దారి. నీడలు చల్లగా, వెలుగులు వెచ్చగా రెండు రంగుల టోన్ ఇచ్చిన ఫోటోలు, చేత్తో రంగులద్దిన పాత స్టూడియో ఫోటోలు, రంగు ఫోటోలతో కలిపి ఒకే కాగితం మీద వేయాల్సిన ఆల్బం పేజీలు ఈ కోవలోకి వస్తాయి. పాత ప్రింట్‌ను ఉన్నదున్నట్టు తిరిగి తీయాలన్నా అంతే. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ కాలపు ఆల్బుమెన్ ప్రింట్లు వెచ్చని గోధుమ ఛాయవి. అలాంటి ప్రింట్‌ను స్కాన్ చేసి నకలు తీస్తుంటే ఆ గోధుమ రంగు కూడా ఆ వస్తువులో భాగమే కాబట్టి రంగుల పద్ధతి వాడాలి. అదే గాజు నెగటివ్ నుంచి కొత్తగా ప్రింట్ తీస్తుంటే లెక్క మారిపోతుంది. నెగటివ్‌లో ఉన్నది వెలుగు, చీకటే. దానికి నలుపు తెలుపు మోడ్ మెరుగు. ఇంట్లో తాతగారి ఫోటో పెద్దది చేయించేటప్పుడు కూడా ఇదే ప్రశ్న వేసుకోండి: మీకు కావలసింది రంగు మారిన ఆ పాత కాగితమా, ఆ మనిషి ముఖమా?

దారి రెండు: కంపెనీ నలుపు తెలుపు మోడ్

నేను ఎక్కువమందికి సూచించేది ఇదే. ఎప్సన్‌లో అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్, కేనన్‌లో ప్రొఫెషనల్ ప్రింట్ అండ్ లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లోని నలుపు తెలుపు ఎంపిక ఈ పని చేస్తాయి. గ్రే ఇంకులే ప్రధానంగా పడతాయి కాబట్టి ఇంటి ఎల్‌ఈడీ కింద, బాల్కనీ వెలుతురులో, గ్యాలరీ లైట్ల కింద పెద్దగా తేడా రాదు. మన్నిక కూడా ఎక్కువ. ఎప్సన్ తన హెచ్‌డీఎక్స్ ఇంకుల ప్రింట్లు రంగులో 200 ఏళ్ల వరకు, నలుపు తెలుపులో 400 ఏళ్ల వరకు నిలుస్తాయని చెబుతుంది. అవి ప్రయోగశాల అంచనాలే అయినా, కార్బన్ ఎక్కువ, రంగు తక్కువ ఉన్న ప్రింట్ మెల్లగా వెలుస్తుందన్న మాట మాత్రం నిజం.

ఇందులో చాలామంది జారిపడేది సెట్టింగుల దగ్గర. ఎప్సన్ మోడ్‌లో టోన్ ఎంపికలో డార్కర్, డార్క్, నార్మల్, లైట్ అంటూ మెట్లుంటాయి. చాలా మోడళ్లలో డిఫాల్ట్‌గా డార్కర్ ఉంటుంది. అది కొన్ని కాగితాలకు నప్పుతుంది. నీడల వివరం మీద ఆధారపడ్డ ఫోటోలకు మాత్రం డార్క్ గానీ నార్మల్ గానీ పెట్టి ఒక చిన్న ముక్క వేసి చూసుకోవాలి. ఈ మోడ్ ఐసీసీ ప్రొఫైల్‌ను వాడదు. ఫోటోషాప్‌లో "ప్రింటర్ మేనేజెస్ కలర్" అని ఉంచాలి. రెండుచోట్లా సర్దుబాటు జరిగితే ఛాయలు పాడవుతాయి. రంగు ఫోటోను నేరుగా పంపి గ్రేకు మార్చే పని డ్రైవర్‌కు వదిలేయకండి. ఏ రంగు ఎంత వెలుగుగా మారాలన్నది మీ నిర్ణయం, ఫైల్‌లోనే తేల్చుకోవాలి. ఛాయల మెట్లు ఎక్కువుండే 16 బిట్ ఫైల్‌లో పనిచేస్తే ఆకాశంలో చారలు పడే ప్రమాదం తగ్గుతుంది.

ఎప్సన్ మోడ్‌లో హైలైట్ పాయింట్ షిఫ్ట్ అనే ఎంపిక ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. మెరుపు కాగితం మీద పూర్తి తెలుపు ఉన్నచోట ఇంకు పడదు. పక్కవాటంగా చూస్తే అక్కడ కాగితం మెరుపు, చుట్టూ ఇంకు మెరుపు వేరుగా తెలిసిపోతాయి. తెల్ల పంచె, తెల్లచీర ఉన్న ఫోటోల్లో మడతల మధ్య ఇది కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈ ఎంపిక తెలుపు మీద కూడా లేతగా గ్రే పరుస్తుంది. కేనన్ దీన్ని వేరేలా తీరుస్తుంది: క్రోమా ఆప్టిమైజర్ అనే పారదర్శక ద్రవాన్ని ఇంకుల పైన పరుస్తుంది. ఎప్సన్ పీ700, పీ900 మోడళ్లలో మెరుపు కాగితాలకు కార్బన్ బ్లాక్ మోడ్ వచ్చింది. నలుపు మీద లేత గ్రే ఇంకు పొర వేసి సాంద్రత పెంచుతుంది.

మరి ఎప్సనా, కేననా? ఛాయల నాణ్యతలో ఈ రెండూ ఇప్పుడు పోటాపోటీగా ఉన్నాయి, తేడా నిర్వహణలో ఉంది. పాత ఎప్సన్ పెద్ద ప్రింటర్లలో ఫోటో బ్లాక్ నుంచి మ్యాట్ బ్లాక్‌కు మారిన ప్రతిసారీ ఇంకు వృథా అయ్యేది. రెండు రకాల కాగితాలూ రోజూ మార్చేవాళ్లకు అది భారం. పీ700, పీ900 లాంటి కొత్త మోడళ్లలో రెండింటికీ విడివిడి నాజిళ్లు (ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు) ఉన్నాయి. కేనన్ ప్రో వరుసలో మొదటి నుంచీ అంతే. ఒక నాజిల్ పూడుకుపోతే కేనన్ పక్క నాజిల్‌తో ఆ పని చేయించుకుంటుంది, నాజిళ్లుండే హెడ్ పాడైతే మనమే మార్చుకోవచ్చు. కాకపోతే ఆ హెడ్ అరిగిపోయే భాగమే, దాని ఖర్చు లెక్కలో ఉంచుకోవాలి. ఎప్సన్ హెడ్ ఎక్కువ కాలం వస్తుంది. వారాల తరబడి వాడకుండా వదిలేస్తే మాత్రం పూడుకుంటుంది, శుభ్రం చేయడానికి ఇంకు తాగుతుంది. నెలకు నాలుగైదు ప్రింట్లే వేసేవాళ్లకు నేను కేనన్ వైపు మొగ్గుతాను. కింద చెప్పే క్వాడ్‌టోన్ రిప్ (కంపెనీ డ్రైవర్ బదులు ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు ఎప్సన్ తప్ప వేరే మాట చెప్పను. సెకండ్‌హ్యాండ్‌లో చౌకగా వస్తుందని హెచ్‌పీ జెడ్3200 చూస్తున్నవాళ్లు హెడ్‌లు, ఇంకులు ఎక్కడ దొరుకుతాయో తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.

ఈ దారికి ఉన్న అసలు లోటు, ప్రింట్ ఎలా వస్తుందో స్క్రీన్ మీద ముందు చూసుకోలేకపోవడం. దానికి విరుగుడు ఉంది. 0 నుంచి 100 దాకా 5 చొప్పున 21 గ్రే గళ్లున్న పట్టీని మీ సెట్టింగుతో, మీ కాగితం మీద వేయండి. ఒక రోజు ఆరనిచ్చి కొలవండి. క్వాడ్‌టోన్ రిప్‌తోపాటు వచ్చే చిన్న సాధనం ఆ కొలతల నుంచి గ్రే ప్రొఫైల్ తయారుచేస్తుంది. ఫైల్‌ను ఆ ప్రొఫైల్‌కు మార్చి అదే మోడ్‌లో వేస్తే మెట్లు సమంగా వస్తాయి. నా దృష్టిలో నలుపు తెలుపు ప్రింటింగ్‌లో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే. కొలవడానికి కలర్‌చెకర్ స్టూడియో స్థాయి రంగు కొలత పరికరం చాలు. అదీ లేకపోతే పట్టీని కిటికీ వెలుతురులో పెట్టి కళ్లతో చూడండి. 95, 100 గళ్లు విడిగా కనబడుతున్నాయా? 0, 5 గళ్ల మధ్య గీత తెలుస్తోందా? తెలియకపోతే మీ ఫోటోలోనూ ఆ వివరం పోయినట్టే.

దారి మూడు: రిప్ సాఫ్ట్‌వేర్

రాయ్ హారింగ్టన్ రాసిన క్వాడ్‌టోన్ రిప్ 50 డాలర్ల షేర్‌వేర్. ప్రధానంగా ఎప్సన్ ప్రింటర్లకు. ఏ ఇంకు ఎక్కడ ఎంత పడాలో మీరే నిర్ణయించవచ్చు. కంపెనీ మోడ్‌లో దొరకని మ్యాట్ కాగితాలకు, చేత్తో చేసిన కాగితాలకు, ప్లాటినం పద్ధతికి (ప్లాటినం లవణాలతో చేత్తో ప్రింట్ తీసే పాత విధానం) డిజిటల్ నెగటివ్‌లు తీయడానికి ఇది అపురూపమైన సాధనం. కానీ ఓపిక కావాలి. ప్రతి కాగితానికీ ఇంకు పరిమితి, వక్రాలు (ఏ ఛాయకు ఎంత ఇంకు పడాలో చెప్పే గీతలు), కొలతలు మీరే చేసుకోవాలి. కలర్‌బైట్ వాళ్ల ఇమేజ్‌ప్రింట్ ఈ శ్రమ తగ్గించి చాలా కాగితాలకు సిద్ధంగా గ్రే ప్రొఫైళ్లు ఇస్తుంది. ధర మాత్రం రోజూ అమ్మకానికి ప్రింట్లు వేసే స్టూడియోకే గిట్టుబాటవుతుంది.

దారి నాలుగు: పూర్తి నలుపు ఇంకుల ప్రింటర్

జాన్ కోన్ పేరుతో ముడిపడ్డ పీజోగ్రఫీ పద్ధతిలో రంగు ఇంకులన్నీ తీసేసి వాటి స్థానంలో కార్బన్ ఆధారిత నలుపు, గ్రే ఇంకులు నింపుతారు. కే7 సెట్‌లో ఏడు స్థాయిలుంటాయి. మ్యాట్ కాగితం మీద ఛాయ నుంచి ఛాయకు జారే ఆ నునుపు నాకు మరెక్కడా కనబడలేదు. కానీ ఒక ప్రింటర్‌ను దీనికే అంకితం చేయాలి, వారంటీ మీద ఆశ వదులుకోవాలి, ఇంకు దిగుమతి మీద ఆధారపడాలి. ఇంకు ఆలస్యమై ప్రింటర్ ఖాళీగా ఉంటే హెడ్‌కు ప్రమాదం. ఎగ్జిబిషన్లకు నలుపు తెలుపు మాత్రమే వేసేవాళ్లు, వరుసగా పని ఉన్నవాళ్లు ఆలోచించాల్సిన దారి. మిగతావాళ్లు దాని జోలికి పోవద్దు.

దారి ఐదు: బయట వేయించుకోవడం

ఏడాదికి పది పదిహేను పెద్ద ప్రింట్లే అవసరమైతే ప్రింటర్ కొనకండి. ఇది గట్టిగా చెప్పదలిచిన మాట. కానీ బయట "పెద్ద ప్రింట్" అన్నవన్నీ ఒకటి కావు. ఫ్లెక్స్, వినైల్ వేసే ఎకో సాల్వెంట్ మెషీన్లు దూరం నుంచి చూసే బోర్డుల కోసం. వాటిలో చాలావాటికి గ్రే ఇంకులుండవు. కాన్వాస్ మీద వేసినా జీర పోదు. కలర్ ల్యాబ్‌లో లేజర్ మెషీన్ మీద తీసే ప్రింట్ రంగుల ఫోటో కాగితం మీదే వస్తుంది. ఆ రోజు రసాయనాల పరిస్థితిని బట్టి ఆకుపచ్చ వైపో మెజెంటా వైపో మొగ్గుతుంది. కుటుంబ ఆల్బంకు పర్వాలేదు, గోడ మీద పెట్టే పెద్ద ప్రింట్‌కు వద్దు. విదేశాల్లో కొన్ని ల్యాబులు ఇల్‌ఫోర్డ్ నలుపు తెలుపు వెండి కాగితం మీద డిజిటల్ ఫైల్‌ను లేజర్‌తో ముద్రిస్తాయి. అక్కడుండే తెలుగువాళ్లకు అది చక్కటి అవకాశం, రంగు జీర ప్రశ్నే ఉండదు.

పిగ్మెంట్ ఇంక్‌జెట్ ఉన్న ఫైన్ ఆర్ట్ ప్రింటర్ దగ్గరికి వెళితే మూడు సంగతులు అడగండి. ప్రింటర్ మోడల్ ఏది? నలుపు తెలుపు మోడ్‌లో వేస్తారా, రంగుల్లోనా? అదే రోల్ మీద ముందు టెస్ట్ ముక్క ఇస్తారా? ఆ ముక్కలో మీ ఫోటోలోని అతి చీకటి భాగం, ముఖం, తెల్లబట్ట మూడూ అసలు సైజులోనే ఉండాలి. మొత్తం ఫోటోను చిన్నది చేసి వేసిన టెస్ట్ మీకేమీ చెప్పదు.

కాగితం

గాజు లేకుండా వేలాడదీసేదైతే, లోతైన నలుపు కావాలంటే బరైటా: హానెమ్యూలె ఫోటో ర్యాగ్ బరైటా, కాన్సన్ బరైటా ఫోటోగ్రాఫిక్, ఇల్‌ఫోర్డ్ గోల్డ్ ఫైబర్ వరుస. పాత డార్క్‌రూమ్ ఫైబర్ కాగితాన్ని గుర్తుచేసే మెరుపు వీటిది. మబ్బులు, పొగమంచు, ముసలివాళ్ల ముఖాలు, మెత్తటి వెలుతురు ఉన్న ఫోటోలకు మ్యాట్ కాటన్, అంటే ఫోటో ర్యాగ్ 308 లాంటిది బాగుంటుంది. గాజు ఫ్రేములో పెట్టాక రెండింటి నలుపుల మధ్య తేడా చాలా తగ్గిపోతుంది. ఫ్రేము కట్టించేదే అయితే సాంద్రత అంకెల కోసం బరైటాకు ఎక్కువ పెట్టక్కర్లేదు. లస్టర్ 260 గ్రాముల కాగితం పరీక్షలకు, మామూలు పనులకు చాలు.

కాగితాన్ని మరీ తెల్లగా చూపించే బ్రైట్‌నర్లు ఏళ్లు గడిచాక పనిచేయడం మానేస్తాయి, తెలుపు పసుపుబారుతుంది. తరాలు నిలవాలనుకునే ఫోటోకు అవి లేని కాన్సన్ ప్లాటిన్ ఫైబర్ ర్యాగ్ లాంటిది తీసుకోండి.

మన వాతావరణం, మన కరెంటు

సముద్రం పక్క ఊళ్లలో వానాకాలం తేమకు కాటన్ కాగితం ఉబ్బుతుంది. అంచు పైకి లేచి హెడ్‌కు రాసుకుంటుంది. రోల్‌ను వాడిన వెంటనే సంచిలో పెట్టి మూసేయండి, షీట్లను కత్తిరించగానే వేయకుండా గది తేమకు సర్దుకోనివ్వండి. తెలంగాణ ఎండాకాలంలో దీనికి ఎదురు. ఏసీ గదిలో గాలి ఎండిపోయి నాజిళ్లు పూడుకుంటాయి. తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉండేలా చూడండి, పది రోజులకోసారైనా చిన్న రంగు ప్రింట్ వేయండి. నలుపు తెలుపే వేస్తుంటే రంగు నాజిళ్లు కదలక ముందు అవే పూడుకుంటాయి.

యూపీఎస్ తప్పనిసరి. ప్రింట్ మధ్యలో కరెంటు పోతే హెడ్ తన మూత దగ్గరికి చేరదు, గాలికి ఆరిపోతుంది. ఆ ఒక్క నష్టం యూపీఎస్ ధర కంటే ఎక్కువ.

ప్రింట్ నచ్చిందో లేదో తేల్చడానికి కనీసం ఒక రోజు ఆగండి. తడి ఇంకు ఆరేకొద్దీ నీడలు, మెరుపు కొద్దిగా మారతాయి. ఆ తర్వాత ఎక్కడ వేలాడదీస్తారో ఆ గోడ దగ్గరే, అక్కడి లైటు కిందే చూడండి. బాగుందనుకున్నాక మోడ్, టోన్ మెట్టు, కాగితం పేరు, తేదీ ప్రింట్ వెనక మూలన పెన్సిల్‌తో రాసిపెట్టండి. బాల్‌పెన్ వద్దు, ముందువైపు నొక్కు పడుతుంది.